తీరం లేని నగరం, సముద్రం కింది తీగ: ఆబిడ్స్, నాంపల్లి నుంచి ఒక పరిశీలన

హైదరాబాదుకు సముద్రం లేదు. ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు నుంచి తూర్పున బందరు తీరం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. పడమట బొంబాయి, దక్షిణాన మద్రాసు దానికి ఇంచుమించు రెట్టింపు దూరం. అయినా నూట యాభై ఏళ్లుగా ఈ నగరం పరదేశాలతో మాట్లాడిన అత్యవసరమైన మాటల్లో చాలా భాగం ఏదో ఒక తీరాన నీళ్లలోకి దిగి, సముద్రం అడుగున పరిచిన తీగ వెంట వెళ్లింది. ఆ తీరం ఎవరి చేతిలో ఉంది? అక్కడ కూర్చుని మాటను అందుకుని ముందుకు పంపినవాళ్లు ఎలా బతికారు? ఆ దారి మీద హైదరాబాదుకు ఏపాటి పట్టు ఉండేది? ఈ వ్యాసం వెతుకుతున్నవి ఈ మూడు ప్రశ్నలకు జవాబులు.

కేబుల్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా రేవు పట్టణాల నుంచే కథ మొదలుపెడతారు. అలా రాస్తే తీరం దగ్గర తీగ ఎలా దిగిందో తెలుస్తుంది గానీ, లోపలి దేశానికి ఆ తీగ ఏమైందో తెలియదు. నాంపల్లి, ఆబిడ్స్ వైపు నుంచి చూస్తే కనిపించేది వేరు: హైదరాబాదుకు సముద్రపు తీగతో ఉన్న సంబంధం ఎప్పుడూ మరొకరి తీరం మీదుగానే సాగింది. ఆ పరాధీనత నగర వ్యాపారాన్ని తాకింది, ఒక సందర్భంలో రాజకీయాన్నీ తాకింది. తాకిందని చెప్పడం వేరు, నిర్ణయించిందని చెప్పడం వేరు. ఆధారాలు మొదటి మాటను బలపరుస్తున్నాయి. రెండో మాట దాకా వెళ్లడానికి నేను సిద్ధంగా లేను.

నిజాం రాజ్యానికి తీరం మొదటినుంచీ లేదనుకోకూడదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు పెద్ద రేవు. ఆ తర్వాత ఉత్తర సర్కారులు ఆసఫ్‌జాహీల ఏలుబడిలోకి వచ్చాయి. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ వాటిని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వెళ్లింది. దాంతో రాజ్యం నలువైపులా ఇతరుల నేల మధ్య చిక్కింది. సముద్ర కేబుళ్లు పుట్టడానికి అప్పటికి ఇంకా అరవై ఏళ్లకు పైగా ఉంది. అందుకే హైదరాబాదు తంతి చరిత్రకు మొదటి పత్రంగా నేను ఏ తంతి శాఖ నివేదికనూ తీసుకోను, 1766 నాటి ఆ ఒప్పందాన్నే తీసుకుంటాను.

తంతి వచ్చిన దారి

భారతదేశంలో తంతి ప్రయోగాలు 1839లో కలకత్తాలో మొదలయ్యాయి. కంపెనీ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ నేల మీదే కాదు, హుగ్లీ నది అడుగునా తీగ వేసి చూశాడు. 1855 ఫిబ్రవరిలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను కలిపే లైన్లను ప్రజలకు తెరిచారు. నిజాం రాష్ట్రంలో ఆ తర్వాత రెండు వ్యవస్థలు పక్కపక్కన నడిచాయి. తపాలా విషయంలో రాష్ట్రానికి సొంత ముద్ర ఉండేది. 1869 నుంచి నిజాం ప్రభుత్వం తన స్టాంపులు తానే వేసుకుంది. ప్రధాన తంతి లైన్లు మాత్రం బ్రిటిష్ ఇండియా తంతి శాఖవి. ఉత్తరానికి సొంత స్టాంపు, తంతికి పరాయి తీగ అన్నమాట. ఇది చిన్న తేడా కాదు. ఉత్తరం రాష్ట్రం లోపల తిరిగేది, తంతి రాష్ట్రం దాటేది. దాటే చోట ఎవరి అధికారం చెల్లుతుందో 1869 నాటికే ఖాయమైపోయింది.

1874లో వాడి నుంచి సికింద్రాబాదు దాకా నిజాం రైలు మార్గం తెరిచారు. స్టేషన్ల మధ్య తంతి లేకుండా రైళ్లను నడపడం సాధ్యం కాదు కాబట్టి పట్టాలతో పాటు స్తంభాలూ తీగలూ వచ్చాయి. వాడి జంక్షన్ ఉన్న చోటు గమనించదగ్గది. అది బొంబాయిని మద్రాసుతో కలిపే ప్రధాన మార్గం మీద ఉంది. అక్కడి నుంచి ఒకవైపు వెళ్తే బొంబాయి, మరోవైపు వెళ్తే మద్రాసు. అప్పటికే ఆ రెండూ సముద్ర కేబుళ్లు దిగిన ఊళ్లు. నాంపల్లి స్టేషన్ భవనం 1907లో లేచేనాటికి హైదరాబాదుకు పడమటి సముద్రం మీదా తూర్పు సముద్రం మీదా చెరొక తలుపు ఉంది. రెండు తాళాలూ బ్రిటిష్ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

హైదరాబాదులో తంతిని ఎక్కువగా వాడిన చోటు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ అనుకోవడానికి ఆస్కారం ఉంది. నిజాం దర్బారు సంగతులు అక్కడి నుంచి గవర్నర్ జనరల్ విదేశాంగ శాఖకు చేరేవి. అవసరమైతే అక్కడి నుంచి లండన్‌లోని ఇండియా ఆఫీసుకు వెళ్లేవి. పాత తంతి కాగితాన్ని పరిశోధకులు చదవాల్సిన పద్ధతి ఒకటుంది. సందేశం ఇచ్చిన వేళ, అందిన వేళ రెండూ ఆ కాగితం మీద ఉంటాయి. సందేశంలోని మాటల కన్నా ఆ రెండు వేళల మధ్య తేడా కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు కాగితాలను ఈ కంటితో వెతికే విద్యార్థులు రావాలని నా కోరిక.

నీళ్లలోకి దిగిన తీగ

ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య నమ్మదగ్గ తంతి మొదట సముద్రాన్ని పూర్తిగా దాటలేదు. 1864లో పర్షియా అఖాతం అడుగున కేబుల్ వేసి, కరాచీ వైపు లైన్లను టర్కీ సామ్రాజ్యపు నేల లైన్లతో కలిపారు. 1865లో ఇంగ్లండుకు సందేశాలు నడిచాయి. ఇరవై మాటలకు ఐదు పౌండ్లు. సామాన్యుడు కలలో కూడా ఖర్చుపెట్టలేని సొమ్ము అది. పైగా దారిలో పరదేశపు గుమాస్తాలు తమకు రాని భాషలో అక్షరాలు తిప్పి పంపేవాళ్లు. తప్పులు దొర్లేవి, రోజులు పట్టేవి.

1870లో పరిస్థితి మారింది. బ్రిటిష్ కేబుల్ వ్యాపారి జాన్ పెండర్ సంస్థలు బొంబాయి, ఏడెన్, సూయెజ్‌లను సముద్రం కిందుగా కలిపాయి. ఆనాటి ప్రపంచంలో అతిపెద్ద ఓడ గ్రేట్ ఈస్టర్న్ అందులో బొంబాయి, ఏడెన్ మధ్య కేబుల్‌ను మోసుకొచ్చి పరిచింది. మధ్యధరా సముద్రంలో మాల్టా, జిబ్రాల్టర్ మీదుగా వచ్చిన తీగ కార్న్‌వాల్ తీరాన పోర్త్‌కర్నో అనే చిన్న లోయలో నేల ఎక్కింది. 1870 జూన్ 23 రాత్రి లండన్‌లో పెండర్ తన ఇంట్లో విందు చేసి, సిమ్లాలో ఉన్న వైస్రాయ్ మేయోతో నిమిషాల్లో సందేశాలు ఇచ్చిపుచ్చుకునేలా ఏర్పాటు చేశాడు. ఈ ఘటనను చాలా పుస్తకాలు ఆ కాలపు తంతి వేగానికి రుజువుగా చూపిస్తాయి. అది సరైన వాడకం కాదు. ఆ రాత్రి లైనంతా వాళ్ల కోసం ఖాళీ చేసి ఉంచారు. మామూలు రోజున సందేశం వరుసలో నిలబడాలి, స్టేషన్ స్టేషన్‌కూ చేతులు మారాలి. ఆ విందు కేబుల్ ఎంత చేయగలదో చూపించింది, రోజూ అంత చేసిందని కాదు.

మరుసటి ఏడాది ఆరంభంలో తూర్పు తలుపు తెరుచుకుంది. బ్రిటిష్ ఇండియన్ ఎక్స్‌టెన్షన్ కంపెనీ మద్రాసు నుంచి పినాంగ్‌కు, అక్కడి నుంచి సింగపూర్‌కు కేబుల్ వేసింది. 1872లో ఆస్ట్రేలియా కూడా ఈ వలయంలోకి వచ్చింది. తెలుగువాళ్లకు ఈ బంగాళాఖాతపు కేబుల్‌తో దగ్గరి సంబంధం ఉంది. అప్పటి ఆంధ్ర జిల్లాలకు రాజధాని మద్రాసే. కాకినాడ, విశాఖ రేవుల నుంచి బర్మాకు, మలయాకు కూలికి వెళ్లిన వేలాది కుటుంబాలు దాటిందీ ఆ సముద్రమే. కానీ మాటకింత అని లెక్కగట్టి వసూలు చేసే తీగ కూలివాళ్ల అందుబాటులో ఉండేది కాదు. వర్తకులకూ దొరలకూ కేబుల్, కూలివాళ్లకు ఓడలో వచ్చే ఉత్తరం. మలయా తోటల్లో పోయిన మనిషి కబురు శ్రీకాకుళం పల్లెకు ఎంత ఆలస్యంగా వచ్చి ఉంటుందో తలచుకుంటే, తీగ వచ్చి దూరాలు చెరిపేసిందనే మాట ఎవరి విషయంలో నిజమో అర్థమవుతుంది.

తీగ నిర్మాణం చెప్పుకోవాలి. స్టేషన్ జీవితమంతా దాని స్వభావం నుంచే పుట్టింది. మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ గట్టాపర్చా అనే మలయా చెట్ల పాలు గడ్డకట్టిన తొడుగు, ఆపైన జనపనార, దానిపైన ఇనుప తీగల కవచం. తీరం దగ్గర లంగర్లకూ అలలకూ తట్టుకోవాలి కాబట్టి అక్కడ కవచం మరీ మందం. ఉష్ణ సముద్రాల్లో కర్రను తొలిచే ఒక రకం పురుగు గట్టాపర్చానూ తొలిచేది. దానికి విరుగుడుగా ఇత్తడి పట్టీ చుట్టడం తర్వాత మొదలైంది. పొడవాటి కేబుల్‌లో విద్యుత్తు అటు కొస చేరేసరికి పలచబడి, ఒక గుర్తు మరో గుర్తులోకి కలిసిపోయేది. విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, ఆ సన్నని కదలికను పట్టుకోవడానికి మొదట అద్దం అమర్చిన గాల్వనోమీటర్ తెచ్చాడు. 1867లో సైఫన్ రికార్డర్ తెచ్చాడు. సన్నని గాజు గొట్టం నుంచి సిరా కారుతూ కాగితపు పట్టీ మీద వంకర గీత గీస్తుంది. గీత ఒకవైపు లేస్తే చుక్క, మరోవైపు వంగితే గీటు. గుమాస్తా ఆ మిట్టపల్లాలను కంటితో చదివి అక్షరాలుగా మార్చాలి.

స్టేషన్లలో మనుషులు

కేబుల్ ఒడ్డెక్కే చోట ఇసుకలో ఒక చిన్న గది ఉండేది. సముద్రపు తీగ అక్కడ నేల తీగతో కలిసేది. అక్కడి నుంచి కందకంలో అసలు స్టేషన్ దాకా వెళ్లేది. స్టేషన్‌లో పగలూ రాత్రీ వంతులవారీ పని. బొంబాయి నుంచి వచ్చిన సందేశాన్ని ఏడెన్‌లో ఒకరు చదివి, మళ్లీ మీట నొక్కి సూయెజ్‌కు పంపాలి. 1920ల్లో యంత్రాలే గుర్తులను సరిచేసి ముందుకు పంపే దాకా ఈ మధ్య చేతులు తప్పలేదు. ఒక సందేశం హైదరాబాదు నుంచి లండన్ చేరేలోపు ఎన్నో కళ్లు దాన్ని చదివేవి, ఎన్నో వేళ్లు దాన్ని మళ్లీ కొట్టేవి.

ఖర్చు తగ్గించుకోవడానికీ రహస్యం కోసమూ వర్తకులు సంకేత పుస్తకాలు వాడారు. 1870ల్లో వచ్చిన ఏబీసీ కోడ్ అందులో పేరుపొందింది. ఒకే ఒక్క మాట పూర్తి వాక్యానికి బదులుగా నిలుస్తుంది. అలాంటి మాటలో ఒక్క అక్షరం మారినా అర్థం తలకిందులవుతుంది. చరిత్రకారులు దీన్ని మరచిపోకూడదు. అందినవాళ్ల దగ్గర దొరికిన తంతి ప్రతి, పంపినవాళ్లు రాసిన ప్రతి ఒకటేనని ముందుగా ఒప్పుకోకూడదు. రెండూ దొరికితే పోల్చాలి. ఒకటే దొరికితే అది ఏ వైపుదో చెప్పాలి.

స్టేషన్ జీవితం గురించి మనకు దొరికే వర్ణనల్లో చాలా భాగం పెండర్ నెలకొల్పిన ఈస్టర్న్ కంపెనీ ఇంగ్లీషు ఉద్యోగులవి. కంపెనీకి జోడియాక్ అనే సొంత పత్రిక ఉండేది. టెన్నిస్ పోటీలు, భోజనశాల కబుర్లు, బదిలీలు అందులోకి ఎక్కేవి. స్టేషన్‌లో నీళ్లు మోసినవాళ్లు, కబుర్లు అందించిన బంట్రోతులు, కందకాలు తవ్వినవాళ్లు, మద్రాసులో కౌంటర్ దగ్గర కూర్చున్న మన గుమాస్తాలు ఆ వర్ణనల్లో అంచుల్లోనే కనిపిస్తారు. అందుకే కేబుల్ స్టేషన్ అంటే ఒంటరి దీవిలో తెల్లదొరల సాహసం అన్న చిత్రం నిలిచిపోయింది. ఆ చిత్రం అబద్ధం కాదు, కానీ సగమే.

ఆ సగం చిత్రంలోనే తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఒక ఘట్టం ముడిపడి ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవులోని బర్మా ఆయిల్ ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. భయంతో జనం పట్నం వదిలి పల్లెలకు తరలిపోయారు. ఆ కథ మన ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ నౌక అంతం మాత్రం ఒక కేబుల్ స్టేషన్ దగ్గర జరిగిందని చెప్పేవాళ్లు తక్కువ. నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో, డైరెక్షన్ ఐలాండ్ స్టేషన్‌ను ధ్వంసం చేయడానికి ఎండెన్ నుంచి ఒక దళం ఒడ్డుకు దిగింది. దళం చేరేలోపే అక్కడి ఉద్యోగులు వింత ఓడ వచ్చిందని వైర్‌లెస్‌లో కబురు పంపేశారు. దగ్గర్లోనే వెళ్తున్న ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఆ కబురు అందుకుని వచ్చి ఎండెన్‌ను నాశనం చేసింది. ఒడ్డున ఉన్న జర్మన్లు పరికరాలు పగలగొట్టారు, కేబుళ్లు కోశారు. తర్వాత అయేషా అనే పాత తెరచాప పడవలో తప్పించుకున్నారు. స్టేషన్ ఉద్యోగులు విడి పరికరాలు ముందే దాచి ఉంచడంతో పని త్వరలోనే మళ్లీ మొదలైంది. మద్రాసును వణికించిన ఓడకు ఆ చిన్న స్టేషన్ ఎందుకంత ముఖ్యమైంది అంటే, ఇండియా నుంచి ఆస్ట్రేలియా దాకా సామ్రాజ్యపు మాట అలాంటి కొన్ని గదుల గుండానే నడిచేది.

హైదరాబాదు, లండన్, గనుల వాటాలు

హైదరాబాదు వ్యాపారంలో ఈ దూరపు మాట ఎలా పనిచేసిందో చూడటానికి 1886 నుంచి 1888 దాకా సాగిన గనుల వ్యవహారం ఒక కిటికీ. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886 జనవరిలో నిజాం ప్రభుత్వం రాష్ట్రంలోని గనుల హక్కులను కొందరు ఇంగ్లీషు వ్యాపారులకు ఇచ్చింది. లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. నిజాం తరఫున వ్యవహారం నడిపిన ఉన్నతాధికారి అబ్దుల్ హక్ ఆ వాటాల్లో తనకూ లాభం చేసుకున్నాడన్న ఆరోపణ పెద్ద దుమారమైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. ఆ విచారణ నివేదిక హైదరాబాదు ఆర్థిక చరిత్రకు అమూల్యమైన ఆధారం.

ఈ కుంభకోణానికి కేబులే కారణమని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. మోసానికి తంతి అక్కర్లేదు. అయితే ఆస్తి ఇల్లెందులో, అధికారం హైదరాబాదులో, వాటాల ధర లండన్ బజారులో ఉన్న వ్యాపారం ఓడ టపా మీద మాత్రమే నడవడం కష్టం. ఉత్తరం లండన్ నుంచి రావడానికి రెండు వారాలకు పైగా పట్టేది. వాటాల ధర ఒక్క పూటలో మారేది. కేబుల్ అందుబాటులో ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఆ రెండు వారాలే తేడా. నిజాం ప్రభుత్వం ఆలస్యంగా మేలుకుందనే విమర్శను ఈ వెలుగులో మళ్లీ చదవాలి. ఎవరు ఎప్పుడు ఏ సంగతి తెలుసుకున్నారన్న కాలక్రమం ఈ వ్యవహారానికి కీలకం. నివేదికలోని తేదీలను వరసగా పేర్చడం అంకితభావం ఉన్న ఒక పరిశోధకుడికి తగిన పని.

1948: భద్రతా మండలికి చేరిన తంతి

సముద్రపు తీగ విషయంలో హైదరాబాదుకు అన్నిటికన్నా బరువైన ఏడాది 1948. 1947 నవంబరు 29న ఇండియాతో యథాతథ ఒప్పందం కుదిరినా, ఆ తర్వాతి నెలల్లో ఇరుపక్షాల నమ్మకం చెదిరింది. సరిహద్దుల్లో ఆర్థిక దిగ్బంధం మొదలైంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ విమానయానికుడు కరాచీ నుంచి రాత్రివేళల్లో ఆయుధాలు చేరవేశాడు. తీరం కోసం నిజాం ప్రభుత్వం గోవాలోని మర్మగోవా రేవు గురించి పోర్చుగీసువాళ్లతో సంప్రదింపులు సాగించడం కూడా ఆ రోజుల మాటే. 1766లో పోయిన తీరం లోటు అప్పుడు ఎంత తీవ్రంగా తగిలిందో ఈ ప్రయత్నమే చెబుతుంది.

1948 ఆగస్టు 21న హైదరాబాదు విదేశాంగ శాఖ సెక్రటరీ జనరల్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి అధ్యక్షుడికి కేబుల్‌గ్రామ్ పంపారు. హైదరాబాదుకూ ఇండియాకూ మధ్య వివాదం తలెత్తిందని, మండలి దృష్టికి తెస్తున్నామని దాని సారాంశం. సమితి పత్రాల్లో దాని సంఖ్య ఎస్/986. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించింది. పారిస్‌లో సమావేశమైన మండలి సెప్టెంబరు 16న ఈ విషయాన్ని చర్చకు తీసుకుంది. ఎనిమిది ఓట్లు అనుకూలం, వ్యతిరేకం లేదు, ముగ్గురు తటస్థం. 17న నిజాం లొంగుబాటుకు ఒప్పుకున్నాడు. 22న నిజాం నుంచి మరో సందేశం వెళ్లింది: ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని. అది ఎస్/1011.

ఈ రెండు సంఖ్యల మధ్య నెల రోజుల కన్నా కాస్త ఎక్కువ వ్యవధి. ఒకే నగరం నుంచి, ఒకే మండలికి, ఒకదానికొకటి ఎదురైన రెండు కబుర్లు. సెప్టెంబరు 28న మండలిలో చర్చ ఈ చిక్కు మీదే నడిచింది. రెండో సందేశం నిజాం స్వేచ్ఛగా పంపిందేనా? పారిస్‌లో ఉన్న హైదరాబాదు ప్రతినిధులకు ఇంకా మాట్లాడే హక్కు ఉందా? ఇండియా తరఫున ఆర్కాటు రామస్వామి మొదలియార్ ఆ ప్రతినిధుల హక్కును ఒప్పుకోలేదు. మండలి ముందు ఉన్నది కాగితం మీద అక్షరాలు. అవి పంపినవాడి పేరు చెబుతాయి, అతడి చుట్టూ ఎవరు నిలబడి ఉన్నారో చెప్పవు.

ఇక్కడ ఆధారాలను ఎంతవరకు నమ్మాలో తూచుకోవాలి. అప్పటికి ఇండియా నుంచి విదేశాలకు వెళ్లే కేబుల్, రేడియో తంతి సేవలు భారత ప్రభుత్వపు ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీస్ చేతిలో ఉన్నాయి. 1947 జనవరి 1న ప్రభుత్వం వాటిని ప్రైవేటు కంపెనీ నుంచి తీసుకుంది. కాబట్టి హైదరాబాదుకు సముద్రం దాటే మామూలు దారి, తాను ఎవరి మీద ఫిర్యాదు చేస్తోందో ఆ ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఇది వ్యవస్థ గురించిన నిజం. దీని నుంచి, ఇండియా కావాలని సందేశాలు ఆపిందనో, కావాలని పోనిచ్చిందనో తీర్మానించడం తొందరపాటు. కేబుల్‌గ్రామ్ అని శీర్షిక ఉన్నంత మాత్రాన అది సముద్రపు తీగ మీదే వెళ్లిందనీ చెప్పకూడదు. 1927 నుంచే పుణె దగ్గరి రేడియో కేంద్రాలు ఇంగ్లండుతో మాట్లాడుతున్నాయి. ఆగస్టు 21 నాటి సందేశం మండలికి చేరిందన్నది మాత్రం రికార్డు.

ఈ ఘట్టం మీద వాడుకలో ఉన్న ప్రధాన గ్రంథాలు ముగ్గురివి. లాయక్ అలీ అప్పటి హైదరాబాదు ప్రధాని. కె.ఎం.మున్షీ బొల్లారంలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్. వి.పి.మీనన్ సంస్థానాల విలీనాన్ని నడిపిన అధికారి. ముగ్గురూ పాత్రధారులే. ముగ్గురి పుస్తకాలూ సంఘటన తర్వాత ఏళ్లకు వచ్చినవే. సమితి పత్రాలు ఆ రోజు నాటివి. తేదీల విషయంలో నేను పత్రాలనే నమ్ముతాను, ఉద్దేశాల విషయంలో ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చదువుతాను. ఆ సెప్టెంబరులో ప్రాణాలు పోగొట్టుకున్న వేలమంది పేర్లు ఈ పుస్తకాల్లోనూ, ఆ పత్రాల్లోనూ లేవు. తంతి చరిత్ర రాసేటప్పుడు కూడా ఆ లోటును గుర్తు చేయడం ధర్మం.

ఆకాశం దారి, మళ్లీ నీటి దారి

రేడియో, ఉపగ్రహం రావడంతో తీరం ప్రాధాన్యం కొంతకాలం తగ్గింది. 1971లో పుణె దగ్గర ఆర్వీలో భూకేంద్రం వచ్చింది. 1981లో మద్రాసు, పినాంగ్ మధ్య కొత్త టెలిఫోన్ కేబుల్ పడింది. 1871 నాటి జంట ఊళ్లే, నూట పదేళ్ల తర్వాత. హైదరాబాదుకు అసలైన మలుపు 1990ల ఆరంభంలో వచ్చింది. అమీర్‌పేట మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు నెలకొంది. ఉపగ్రహ డిష్ ఉంటే బొంబాయి, మద్రాసు గడప తొక్కకుండానే అమెరికాతో సమాచారం పంచుకోవచ్చు. వేగం సెకనుకు 64 కిలోబిట్ల స్థాయి. ఇవాళ అది లెక్కలోకి రాదు, ఆనాడు మాత్రం తీరం లేని నగరం పరదేశంతో మధ్యవర్తి రేవు లేకుండా మాట్లాడింది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఎదుగుదలను సైబర్ టవర్స్‌తో మొదలుపెట్టడం అలవాటైంది. ఆ టవర్స్ 1998వి. మైత్రీవనం పైకప్పు మీది డిష్‌లకూ ఆ కథలో తగిన చోటు ఇవ్వాలి.

ఉపగ్రహం చాలలేదు. 1994లో సీ మీ వీ 2తో ఇండియాకు గాజు తీగల సముద్ర కేబుల్ వచ్చింది. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు ఐటూఐ కేబుల్ నడిచింది. హైదరాబాదు మళ్లీ ముంబై, చెన్నై తీరాల మీద ఆధారపడింది. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర రెండు పెద్ద కేబుళ్లు తెగినప్పుడు ఇండియా పడమటి దారి సగానికి సగం మూసుకుపోయిందని ఇంటర్నెట్ సంస్థల సంఘం అప్పట్లో చెప్పింది. చాలా రాకపోకలను చెన్నై మీదుగా తూర్పుకు మళ్లించారు. 1871లో తెరిచిన తూర్పు తలుపు అలా ఉపయోగపడింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో మళ్లీ కేబుళ్లు తెగాయి. ప్రపంచంలో ఏటా నూట యాభై నుంచి రెండు వందల దాకా ఇలాంటి నష్టాలు జరుగుతాయి, వాటిలో అత్యధికం చేపల వలల వల్లా, ఓడల లంగర్ల వల్లా అని అంతర్జాతీయ కేబుల్ రక్షణ సంఘం చెబుతుంది. కుట్ర అని మొదటి రోజే రాసే వార్తలను ఈ లెక్క పక్కన పెట్టి చదవాలి.

ఆబిడ్స్‌లో తంతి 2013 జూలై 14తో దేశంలోని మిగతా చోట్లతో పాటే ఆగిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 2022 నవంబరులో, అమెజాన్ తన డేటా కేంద్రాల సముదాయాన్ని హైదరాబాదులో తెరిచింది. సముద్రం లేని చోట సముద్రమంత సమాచారం పేరుకుంటోంది.

విశాఖ

2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన లెక్క ప్రకారం ఇండియాకు 17 అంతర్జాతీయ కేబుళ్లు, 14 ల్యాండింగ్ స్టేషన్లు ఉండేవి. అవన్నీ ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురాల్లో ఉండేవి. తొమ్మిది వందల కిలోమీటర్లకు పైబడిన ఆంధ్ర తీరంలో అప్పటికి ఒక్కటీ లేదు. 2025 అక్టోబరు 12న విశాఖలో సిఫీ సంస్థ కేబుల్ ల్యాండింగ్ స్టేషన్‌కు శంకుస్థాపన జరిగింది. రెండు రోజుల తర్వాత గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో విశాఖలో కేంద్రం కడతామని, దానిలో భాగంగా అనేక అంతర్జాతీయ కేబుళ్లు అక్కడ దిగుతాయని ప్రకటించింది. ఇవి ప్రకటనలు. కేబుల్ ఒడ్డెక్కి, దాంట్లో సమాచారం నడిచిన రోజున చరిత్రకారుడు వాటిని ఘటనలుగా రాసుకోవాలి.

ఆ రోజు వస్తే ఒక తెలుగు తీరాన అంతర్జాతీయ సమాచార కేబుల్ దిగుతుంది. హైదరాబాదుకు మూడో తలుపు తెరుచుకుంటుంది, అదీ తన భాష మాట్లాడే తీరాన. విశాఖ నుంచి హైదరాబాదు దాకా ఆరు వందల కిలోమీటర్ల నేల తీగ మీద ఆ ప్రయోజనం ఆధారపడుతుంది. నేల తీగ రోడ్డు తవ్వకాలకూ, తుపాన్లకూ తెగుతుంది. ఒక్క దారి సరిపోదు. పైగా సముద్రంలో తెగిన కేబుల్‌ను బాగుచేసే భారత జెండా ఓడ లేదని ట్రాయ్ ఆ 2023 సిఫార్సుల్లోనే ఎత్తిచూపింది. తీగ మన తీరాన దిగినా, తెగితే సరిచేయడానికి మరో దేశపు ఓడ కోసం ఎదురుచూడాలి.

నేటి స్టేషన్‌లో సిరా గొట్టాలు లేవు, వంకర గీతలు చదివే కళ్లు లేవు. సముద్రం అడుగున కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఉండే వెలుగు పెంచే పరికరాలకు తీరం నుంచి వేల వోల్టుల విద్యుత్తు పంపే యంత్రాలు, వాటిని చూసుకునే కొద్దిమంది సాంకేతిక నిపుణులు ఉంటారు. ఆ స్టేషన్‌తో నిత్యం సంబంధం ఉండేది విశాఖ జాలర్లకు. కేబుల్ వెళ్లే దారిలో మరపడవలు వల లాగకూడదు, లంగరు వేయకూడదు. నూట యాభై ఏళ్ల కేబుల్ రికార్డుల్లో తీరప్రాంత జనం దాదాపు కనిపించలేదు. ఈసారి కేబుల్ దారి పటాలు, వేట మీద పెట్టే ఆంక్షలు, నష్టపరిహారపు నిబంధనలు తెలుగులో అచ్చువేసి పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా ప్రతి జాలరి సంఘానికీ ముందే అందించాలి. అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుని ఆ కాగితాలను ప్రభుత్వ అభిలేఖాగారంలో భద్రపరచాలి.